గాయమునకు కట్టు, బిల్లునకు గడువు

మధుమేహముచే కాలిపై ఏర్పడిన పుండు ఒకటి రెండు దినములలో మానునది కాదు. దానికి వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. పక్షవాతముతో మంచము పట్టిన వృద్ధులకు నడుము వద్ద ఏర్పడు పడక పుండును అట్టిదే. ఇట్టి రోగిని రెండు మూడు దినములకొకసారి ఆటోలో పట్టణమునకు కొనిపోవుట గ్రామ కుటుంబమునకు శక్తికి మించిన పని. ఒకరి కూలి పోవును, బాడుగ తగులును, దారి కుదుపులకు మానుచున్న పుండు మరల చెదరును. అందుచే నర్సు వాహనములో రోగి యింటికే వచ్చి కట్టు మార్చిపోవు పద్ధతి మన ప్రాంతములందును ప్రవేశించినది.

కట్టు ఎట్లు కట్టవలెనో చెప్పుట వైద్యుల పని. దాని వెనుక నుండు రెండు లెక్కలను గురించి మాత్రము ఇచ్చట పంచాయతీ సభ్యులకు వివరింప దలచితిమి. ఒకటి డబ్బు లెక్క: బిల్లు ఎవరు, ఎన్నాళ్లలో చెల్లింపవలెను? రెండవది సరకు లెక్క: వాడిన బట్టగాని, మందుగాని చెడుదై రోగికి కీడు కలిగినచో ఎవరు బాధ్యులు? ఈ రెండును వేరువేరు విషయములని పలువురు తలంతురు. మా అభిప్రాయమున అవి ఒకే పుస్తకములోని రెండు వరుసలు.

నగరమునకు ఉత్తరముగా నున్న దుండిగల్ పరిసరములను చూచినచో ఈ సంగతి తేటపడును. వైమానిక దళ అకాడమీ వలన దేశమంతటికి తెలిసిన ఈ ఊరు 2018 వరకు గ్రామ పంచాయతీయే. ఆ సంవత్సరమున బౌరంపేట, బహదూర్‌పల్లి, మల్లంపేట, గాగిల్లాపూర్ మొదలగు పొరుగు గ్రామములతో కలిసి పురపాలక సంఘమైనది. 2025లో హైదరాబాదు మహానగర పాలన పరిధిలో చేరినది. పడమటి వైపున సుల్తాన్‌పూర్‌లో 2017లో వైద్య పరికరముల తయారీకై ప్రత్యేక పారిశ్రామిక వాడ ప్రారంభమైనది. తూర్పున శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ కలదు. దక్షిణమున కూకట్‌పల్లిలో 1958లో రాణీ కుముదినీ దేవిగారు కుష్ఠు రోగులకై శివానంద పునరావాస కేంద్రమును స్థాపించిరి. స్పర్శ పోయిన పాదమున పుండు పడినపుడు రోగికి నొప్పి తెలియదు. క్రమము తప్పని కట్టే దానికి ప్రధానమైన రక్ష. మధుమేహ రోగి పాదమునకును ఇదే సూత్రము వర్తించును. ఇట్లు సరకు తయారగు చోటును, పుండ్లకు సేవ చేసిన అనుభవమును దగ్గరనే యున్నవి. అయినను వీటికిని రోగి మంచమునకును నడుమనున్న నాలుగు మైళ్ల దారిలోనే చిక్కులన్నియు కలుగుచున్నవి.

సంచార సేవకు నిలువ ధనము ఉండదు. ఆసుపత్రికి కట్టడముండును, పడకలుండును, అప్పు పుట్టును. వాహనమునకు ప్రతి దినము డీజిలు కావలెను. నర్సుకు నెల తిరుగగానే జీతము కావలెను. సరఫరాదారు పాత బాకీ తీరనిదే కొత్త పెట్టె పంపడు. ఈ బలహీనత పెద్ద సంస్థలకును తప్పలేదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున ఆరంభమైన 108 అంబులెన్సు సేవకు కేంద్ర కార్యాలయము మేడ్చల్ మార్గమునగల దేవరయాంజాల్‌లోనే కలదు. నడుపుఖర్చులో అధిక భాగమును ప్రభుత్వము భరించుచున్నను, 2009 జనవరిలో సత్యం కంప్యూటర్ల వ్యవహారము బయటపడినప్పుడు, దానిని స్థాపించిన కుటుంబపు అండ తొలగి ఆ సేవ భవిష్యత్తే ప్రశ్నార్థకమైనది. ఆ సంవత్సరముననే జీవీకే సంస్థ దాని నిర్వహణ బాధ్యతను స్వీకరించినది. ఆరోగ్యశ్రీ ముఖ్యముగా ఆసుపత్రి చికిత్సకు సంబంధించినదైనను, అందును ఇదే కథ కనబడును. బకాయిలు చెల్లింపబడలేదని తెలంగాణలోని ప్రైవేటు ఆసుపత్రులు 2019 ఆగస్టులోను, మరల 2025 సెప్టెంబరులోను సేవలను నిలిపినవి. ఎవరి వాదము న్యాయమైనదో తేల్చుట మా పని కాదు. రోగి మాత్రము రెండు పక్షములలో దేనికిని చెందినవాడు కాడు.

ఇంతకన్న గమనింపవలసిన సంగతి మరియొకటి యున్నది. పెద్ద ఆసుపత్రి సేవ నిలిపినచో పత్రికలలో పడును. ఇంటికి వచ్చు నర్సు విషయమున సేవ ఒక్కసారిగా నిలువదు, మెల్లగా పలుచబడును. వారమునకు మూడుసార్లు వచ్చునది రెండుసార్లగును. నురుగు కట్టునకు బదులు సామాన్యమైన జాలిగుడ్డ వచ్చును. ఒకసారి వాడి పారవేయవలసిన సామగ్రిని కడిగి మరల వాడుదురు. గడువు తీరిన పెట్టెను ‘ఇంకను ఒక నెల పనికివచ్చును’ అని విప్పుదురు. బాకీ ముదిరినచోట సరకు చెడును. అందుచేతనే రెండు లెక్కలును ఒకే పుస్తకమున నుండవలెనని చెప్పుచున్నాము.

బిల్లు గడువు

సూక్ష్మ, చిన్న పరిశ్రమలవారికి రావలసిన సొమ్ము విషయమున 2006లో పార్లమెంటు చేసిన చట్టము స్పష్టముగా నున్నది. సరకుగాని, సేవగాని అంగీకరించిన పిమ్మట, వ్రాతపూర్వకమైన ఒడంబడికలో గడువు నిర్ణయించుకొని యున్నచో ఆ గడువులోపల చెల్లింపవలెను; ఆ గడువు 45 దినములకు మించరాదు. ఒడంబడికయే లేనిచో 15 దినములలో చెల్లింపవలెను. కొన్నవాడు వ్యాపారియైనను, ఆసుపత్రియైనను, ధర్మసంస్థయైనను, స్థానిక సంస్థయైనను ఈ నియమము ఒక్కటే.

గడువు దాటినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీని, నెలనెలకు చక్రవడ్డీగా, చెల్లింపవలసి యుండును. ఉదాహరణకు బ్యాంకు రేటు నూటికి 6 అనుకొందము. మూడింతలు 18, అనగా నెలకు ఒకటిన్నర. 40,000 రూపాయల బిల్లును గడువు తరువాత ఆరు నెలలు ఆపినచో వడ్డీ సుమారు 3,738 రూపాయలగును. ఆ మొత్తముతో ఒక రోగికి ఎన్ని కట్లు వచ్చునో సభ్యులే లెక్కించుకొనవచ్చును. పంచాయతీ నిధి నుండి ఈ వడ్డీ చెల్లింపవలసి వచ్చినచో ఆడిటరు ఊరకుండడు.

ఇచ్చట ‘అంగీకరించిన దినము’ అనునది ముఖ్యమైన మాట. సరకు చేరిన 15 దినములలోపల కొన్నవాడు లోపమును వ్రాతపూర్వకముగా తెలుపనిచో, సరకు చేరిన దినముననే అంగీకరించినట్లు చట్టము భావించును. లోపము తెలిపినచో, సరఫరాదారు దానిని సరిదిద్దిన దినమునుండి గడువు లెక్కింపబడును. కాబట్టి చెడు సరకు వచ్చినపుడు నోటిమాటగా కసరి, బిల్లును బల్ల సొరుగులో పడవేయుట రెండు విధముల నష్టము. వడ్డీ పెరుగుచునే యుండును. సరకు చెడుదనుటకు ఆధారమును మిగులదు. నాలుగు పంక్తుల ఉత్తరము, దానికి అందిన రసీదు, ఇవి రెండును చాలును. బిల్లు ఆపుటకు న్యాయమైన కారణమును, సరకుపై ఫిర్యాదునకు మొదటి సాక్ష్యమును ఆ యుత్తరమే.

సొమ్ము రాని సరఫరాదారు సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. ముందు రాజీకి ప్రయత్నింతురు. కుదరనిచో మధ్యవర్తిత్వపు తీర్పు వచ్చును. ఆ తీర్పును కొట్టివేయింప గోరు కొనుగోలుదారు తీర్పు మొత్తములో నూటికి 75 వంతులు ముందు కోర్టులో కట్టవలెను. అయితే ఈ రక్షణ అందరికి లేదు. ఉద్యమ్ నమోదు చేయించుకొని తయారీగాని, సేవగాని చేయువారికే ఇది వర్తించును. ఒకరి వద్ద కొని మరియొకరికి అమ్ము వర్తకులను 2021లో ఈ నమోదులో చేర్చిరి; కాని ఆ చేర్పు బ్యాంకుల ప్రాధాన్య రుణముల కొరకు మాత్రమే. కట్టుబట్టలు తెచ్చి అమ్ము దుకాణదారు ఈ భేదము నెరుగక నెలలు గడపి, తరువాత విచారించుట కద్దు. అట్టివాడు ఒడంబడికలోనే గడువును, వడ్డీని వ్రాయించుకొనవలెను. అవసరమైనచో సివిలు కోర్టే శరణ్యము.

పంచాయతీ పక్షమున చేయదగినది వేరు. సొమ్ము ఏ పద్దు నుండి వచ్చునో తేలకుండ ఆర్డరు ఇయ్యరాదు. పదునైదవ ఆర్థిక సంఘము 2021 నుండి 2026 వరకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యమునకై 70,051 కోట్ల రూపాయలను సిఫారసు చేసినది. ఇట్టి మొత్తములను పత్రికలలో చదివి, మన గ్రామ ఖాతాలో అప్పుడే పడినట్లు భావించి పనులు చేయించుట వలన కలుగు కష్టములు సర్పంచులకు మేము చెప్పవలసినవి కావు. సేవ చేయువారితో ఒడంబడిక వ్రాసికొనునపుడు మూడు నెలల బిల్లు ఒకేసారి గాక, నెలకొక బిల్లు అడుగుడు. వివాదము కొంత భాగముపైనే యున్నచో, వివాదము లేని భాగమును వెంటనే చెల్లింపుడు. మరియొక షరతు తప్పక చేర్పవలెను: సొమ్ము రాకపోయినను 30 దినముల ముందు వ్రాతపూర్వకముగా తెలుపక సేవ నిలుపరాదు, నిలుపునపుడు ప్రతి రోగి కట్ల వివరములను పల్లె దవాఖానకు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు గాని అప్పగింపవలెను. మానని పుండును నడుమ విడిచిపోవుట సగము త్రవ్విన బావిని విడిచిపోవుట వంటిది కాదు. బావి అట్లే యుండును, పుండు అట్లుండదు.

సరకు బాధ్యత

ఇక రెండవ లెక్క. కట్టుబట్ట, జాలిగుడ్డ, అంటుపట్టీ, నురుగు కట్టు, ఇవన్నియు నేడు చట్టమున వైద్య పరికరములు. వైద్య పరికరముల నియమములు 2018 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. 2020 ఏప్రిల్ 1 నుండి పరికరములన్నియు ఔషధ చట్టపు పరిధిలో చేరినవి. అపాయము తక్కువైన ఏ, బీ తరగతులకు 2022 అక్టోబరు 1 నుండియు, అపాయము హెచ్చైన సీ, డీ తరగతులకు 2023 అక్టోబరు 1 నుండియు లైసెన్సు విధానము వర్తించుచున్నది. స్టెరైల్ కానవసరము లేని కొన్ని సామాన్య వస్తువులకు మాత్రము నమోదు చాలును. అమ్మువాడును నమోదు పత్రము కలిగియుండవలెను. పేరు లేని సంచిలో కట్టి, తూకము వేసి అమ్ము దూది చౌకయే. దాని నెవడు చేసెనో దేవునికే తెలియును.

స్టెరైల్ కట్టు సంచిపై తయారుచేసినవాని పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ, స్టెరైల్ చేసిన విధము, ఒక్కసారికే వాడవలెనను హెచ్చరిక యుండును. సాధారణముగా ఇవన్నియు ఇంగ్లీషులోనే యుండును. వాడువాడు తెలుగువాడైనపుడు ఇది విచారింపదగిన సంగతియే. అయినను బ్యాచి సంఖ్యను, తేదీలను గుర్తించుటకు ఇంగ్లీషు రానక్కరలేదు. బడికి పోవు పిల్లవాడు చదివి చెప్పగలడు. సంచి తడిసియున్నను, చిరిగియున్నను, అంచు విడిపోయినను లోపలి బట్టను స్టెరైల్ అని నమ్మరాదు.

వినియోగదారుల రక్షణకై 2019లో చేసిన చట్టము 2020 జులై 20 నుండి అమలగుచున్నది. సరకు వలన కలిగిన కీడునకు ఎవరు పరిహార మియ్యవలెనో అందొక ప్రత్యేక అధ్యాయము చెప్పుచున్నది. ఒక యూరిలో ఒక రైతు కాలి పుండుపై అంటుపట్టీ వేసిరనుకొందము. రెండు దినములకు చుట్టునున్న చర్మము ఊడివచ్చినది. కర్మాగారములో జిగురు పాళ్లు తప్పినవా? తయారీదారు బాధ్యుడు. పాళ్లు సరియే గాని, పలుచని చర్మముపై వేయరాదని సంచిపై హెచ్చరింపలేదా? అప్పుడును తయారీదారే బాధ్యుడు. తగిన సూచన లేకపోవుటయు లోపముగనే చట్టము గణించినది. దుకాణదారు పాత తేదీపై కొత్త చీటీ అంటించెనా? సరకును మార్చినవాడు గనుక వాడు బాధ్యుడు. తయారుచేసినవా డెవడో తెలియనిచో, అమ్మినవాడే తలయొగ్గవలెను. నర్సు స్టెరైల్ సంచిని విప్పి, నాలుగు ముక్కలు చేసి, మూడింటిని డబ్బాలో దాచి, తరువాతి రోగులకు వాడినదా? అది సేవలోని లోపము; సేవ నడుపువారు జవాబు చెప్పవలెను. ఇంటివారే పట్టీని ఊడదీసి, కడిగి, ఆకుపసరు పూసి మరల అంటించిరా? అప్పుడు దుర్వినియోగమను వాదము అమ్మినవానికి లభించును, పరిహారము దుర్లభమగును.

ఈ ఐదు ప్రశ్నలకును బ్యాచి సంఖ్య, తేదీ, కట్టినవారి పేరు లేకుండ సమాధానము రాదు. చెడ్డ పట్టీని చెత్తకుండిలో పడవేసి, ఫలానా కంపెనీదని జ్ఞాపకముగా చెప్పినచో కమిషను ముందు నిలువదు. అందుచే ప్రతి కట్టు సంచి నుండి బ్యాచి సంఖ్య గల ముక్కను కత్తిరించి రోగి చీటీకి అంటించు అలవాటు నర్సులకు చేయవలెను. పుండు మాని మూడు నెలలు గడచువరకు ఆ చీటీ రోగి యింటనే యుండవలెను. వాడిన కట్టును మాత్రము ఇంట నుంచరాదు. చీము, రక్తము అంటిన కట్లు 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమముల ప్రకారము పసుపు సంచిలో చేరవలెను; వాటిని వాహనమువారే తీసికొనిపోవలెనని ఒడంబడికలో వ్రాయుడు. పంచాయతీ ట్రాక్టరులోని చెత్తతో కలిపినచో పారిశుధ్య కార్మికుని చేతికే ఆ మాలిన్యము మొదట తగులును.

కీడు జరిగినపుడు మొదటి పని చికిత్స. పిమ్మట మిగిలిన అదే బ్యాచి సరకును వాడక వేరుగా నుంచి, జిల్లా ఔషధ తనిఖీ అధికారికి తెలుపవలెను. వైద్య పరికరముల వలన కలుగు కీడులను నమోదు చేయుటకు గాజియాబాదులోని భారత ఫార్మకోపియా కమిషను 2015 నుండి ఒక కార్యక్రమమును నడుపుచున్నది. 1800-180-3024 సంఖ్యకు రుసుము లేకుండ ఫోను చేయవచ్చును. దీనివలన సొమ్ము రాదు. కాని అదే బ్యాచి మరియొక యూరిలో విప్పబడకుండ ఆపుటకు ఇదియే మార్గము. పరిహారమునకు జిల్లా వినియోగదారుల కమిషనులో రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపున్నచో ఫిర్యాదునకు రుసుము లేదు. సలహాకు 1915 సంఖ్య కలదు.

ఉచిత సేవల విషయమున ఒక చిక్కు. ఎవరివద్దను రుసుము గైకొనక అందరికిని ఉచితముగా చేయు వైద్యసేవ వినియోగదారుల చట్టము క్రిందికి రాదని 1995లో వి.పి. శాంత కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు పాత చట్టమును గూర్చినదైనను, నేటికిని దాని బలము తగ్గలేదు. కాబట్టి దాతలు ఉచితముగా నడుపు వాహనమున కట్టు కట్టించుకొన్న బీదవానికి కమిషను తలుపు సులభముగా తెరువబడదు. అట్టివాని పక్షమున ముందుగానే ఆలోచింపవలసినది పంచాయతీయే. ఊరిలోనికి ఉచిత వాహనమును ఆహ్వానించునపుడు సేవకు భీమా యున్నదా, కీడు జరిగినచో చికిత్స ఖర్చు ఎవరిది యని అడిగి వ్రాయించుకొనుట మర్యాదకు భంగము కాదు.

ఇబ్రహీంపట్నములో 2022 ఆగస్టు 25న జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరమును మన రాష్ట్రము మరువలేదు. 34 మంది స్త్రీలకు శస్త్రచికిత్సలు జరిగినవి. వారిలో నలుగురు కొద్ది దినములలో మరణించిరి. సూక్ష్మజీవుల దోషము సోకినట్లు విచారణలో తేలినది. బాధ్యులైన వైద్యులపైనను సిబ్బందిపైనను చర్య తీసికొనిరి. అది పెద్ద శిబిరము గనుక విచారణ జరిగినది. ఒక యింటిలో ఒక వృద్ధురాలి పుండు కుళ్లి కాలు తీసివేయవలసి వచ్చినపుడు ‘చక్కెర వ్యాధి ముదిరినది’ అని చెప్పి ముగింతురు. అది నిజము కావచ్చును, కాకపోవచ్చును. తెలిసికొనుటకు చీటీ కావలెను.

పంచాయతీ కార్యాలయమున నుంచవలసిన పుస్తకము పెద్దది కానక్కరలేదు. వాహనము వచ్చిన తేదీ, రోగి ఇంటి సంఖ్య, కట్టిన నర్సు సంతకము, సరకు పేరు, బ్యాచి సంఖ్య, గడువు తేదీ, బిల్లు సంఖ్య, అంగీకరించిన తేదీ, చెల్లించిన తేదీ, ఆక్షేపణ యున్నచో దాని వివరము. రోగి పేరును, వ్యాధిని ఇందు వ్రాయరాదు; అవి రోగి చీటీలోనే యుండవలెను. ఊరివారందరు చూచు పుస్తకమున ఒకరి పుండును ప్రకటించుట తగదు. ఆశా కార్యకర్త వారమునకొకసారి ఇండ్లలోని చీటీలతో ఈ పుస్తకమును సరిచూచినచో, రాని దినమునకు బిల్లు వేయుట కూడ పట్టుబడును.

దుండిగల్ వలె పంచాయతీ పురపాలక సంఘముగను, పిమ్మట మహానగరములో భాగముగను మారు గ్రామములు నగరము చుట్టును ఎన్నో కలవు. అట్టి మార్పులో ఆస్తులతోపాటు అప్పులును సాధారణముగా కొత్త సంస్థకు సంక్రమించును. కాని కొత్తగా వచ్చిన అధికారికి పాత సర్పంచి మాట తెలియదు, సరఫరాదారు ముఖము తెలియదు. అప్పగింత జాబితాలో ఎక్కని బిల్లు నెలల తరబడి బల్లలు మారును. ఈలోపల వాహనము రాదు. కాబట్టి గ్రామము విలీనమగునని ప్రకటన వెలువడిన వారముననే ఈ పుస్తకమునకు నకలు తీయించి, చెల్లింపని బిల్లులను, మానని పుండ్లు గల ఇండ్ల సంఖ్యలను వేరుగా వ్రాసి, కార్యదర్శి సంతకముతో కొత్త కార్యాలయమున ఇచ్చి, రసీదు పుచ్చుకొనవలెను. ఒక ప్రతిని సరఫరాదారునకును, ఒక ప్రతిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునకును పంపవలెను.